ఎడమ ట్యాంకు నుంచి గాలి పోతోంది: ఆర్‌వీ-7 కడుతున్నవాళ్లు ఒకసారి చూడండి

గగనకుసుమం (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. మా గ్యారేజీలో ఆర్‌వీ-7 అనే రెండు సీట్ల కిట్ విమానం కడుతున్నాను. దాని తోక భాగం, రెక్కల అస్థిపంజరం అయిపోయి ఇంధన ట్యాంకుల దగ్గరకు వచ్చాను. ఎడమ ట్యాంకు వెనక గోడ, అంటే బాఫిల్, మూసేశాను. సీలెంట్ పూర్తిగా గట్టిపడేదాకా ఆగి నిన్న గాలి పరీక్ష పెట్టాను. అడుగున డ్రెయిన్ రంధ్రంలో ట్యూబు వాల్వు బిగించాను. లోపలికి గాలి ఆడే వెంట్ గొట్టానికి బెలూన్ కట్టాను. ఇంధనం బయటకు వచ్చే గొట్టానికి బిరడా బిగించి, పైన నింపే మూత చుట్టూ టేపు వేశాను. రాత్రి బెలూన్ నిండుగా నిలబడింది. పొద్దున లేచేసరికి వాడిపోయి వేలాడుతోంది. సబ్బు నీళ్లు చల్లి చూస్తే ఎక్కడా బుడగ లేదు.

విమానాల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇందులో ట్యాంకు అనేది రెక్కలో దూర్చిన విడి డబ్బా కాదు. రెక్క ముందు అంచే ట్యాంకు. చుట్టూ అల్యూమినియం రేకు, లోపల అడ్డు పలకల్లాంటి రిబ్బులు, ప్రతి అతుకులోనూ, ప్రతి రివెట్ కిందా సీలెంట్. రెండు రెక్కల్లో కలిపి 42 గ్యాలన్లు, అంటే సుమారు 159 లీటర్లు పడుతుంది. వెనక గోడ మూసేశాక లోపలికి చెయ్యి పెట్టడానికి, బాడీ వైపు రిబ్బుకు ఉన్న గుండ్రటి తలుపు తప్ప వేరే దారి లేదు.

దీన్ని లీకు అనుకోవాలా? లీకే అయితే వెనక గోడ రివెట్లన్నీ డ్రిల్లుతో తీసి విప్పాల్సిందేనా? ఆ మాట తలుచుకుంటేనే నిద్ర పట్టడం లేదు.

ఎగువగాలి (సియాటెల్)

డ్రిల్లు ముట్టుకోకండి. నా ఆర్‌వీ-9ఏ ఎగరడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఇప్పటికి ఇంట్లో విమానాలు కట్టేవాళ్ల సంఘం ఈఏఏ మా ఊరి చాప్టరులో ఎన్నో ట్యాంకుల పరీక్షలు చూశాను. మొదటి రాత్రి వాడిన బెలూన్లలో ఎక్కువ భాగం ట్యాంకు తప్పు కాదు, పరీక్ష సామాను తప్పు.

ముందు నింపే మూత చూడండి. దాని రబ్బరు రింగు పైనుంచి వాన నీరు లోపలికి పోకుండా ఆపడానికి ఉన్నది. లోపలినుంచి గాలి నెడితే అది పట్టి ఉంచుతుందని నమ్మకం లేదు. టేపు సీలు కాదు, సబ్బు నీళ్లు తగలగానే లేచిపోతుంది. తర్వాత ట్యూబు వాల్వు లోపలి పిన్ను. ఆ తర్వాత బెలూన్ మెడ దగ్గర కట్టు. బాడీ వైపు తలుపు మీద ఇంధన మట్టం కొలిచే సెండర్ ఉంటుంది కదా, ఆ ప్లేటు స్క్రూలు. వీటన్నిటికీ ఎలాంటి దోషం లేదని తేలాకే రివెట్ల జోలికి వెళ్లాలి.

తూకంరాయి (కొలంబస్, ఒహాయో)

బెలూన్‌ను సాక్షిగా పిలిచే ముందు చిన్న లెక్క చూడండి.

మీ ఎడమ ట్యాంకు 21 గ్యాలన్లు, అంటే 80 లీటర్లు. రాత్రి గ్యారేజీ 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడిందనుకుందాం. టెక్సస్‌లో అది పెద్ద విషయం కాదు. కెల్విన్‌లో 300 దగ్గర 10 తగ్గితే గాలి ముప్ఫయ్యో వంతు కుంచించుకుంటుంది. 80 లీటర్లలో ముప్ఫయ్యో వంతు రెండున్నర లీటర్లకు పైనే. చిన్నపాటి పుట్టినరోజు బెలూన్‌లో పట్టేదే మూడు, నాలుగు లీటర్లు. అంటే ఒక్క చుక్క గాలి బయటకు పోకుండానే బెలూన్ సగానికి పైగా వాడిపోవాలి. పోనీ నిజంగా చిన్న లీకు ఉండి, తెల్లారి ఎండ పడి గ్యారేజీ వేడెక్కితే? బెలూన్ మళ్లీ నిండి, లీకు లేదని అబద్ధం చెబుతుంది.

బెలూన్ తీసేసి నీటి మానోమీటరు కట్టండి. రెండు మీటర్ల పారదర్శక గొట్టం, రంగు కలిపిన నీళ్లు, వెనక ఒక టేపు కొలత ఉంటే చాలు. U ఆకారంలో గోడకు బిగించండి. పక్కనే థర్మామీటరు పెట్టండి. ట్యాంకు గట్టి డబ్బా కాబట్టి ఒక డిగ్రీ మారితే నీటి మట్టాల తేడా సుమారు మూడున్నర సెంటీమీటర్లు మారుతుంది. బయటి వాతావరణ పీడనం ఒక మిల్లీబార్ మారితే ఒక సెంటీమీటరు. ఈ రెండూ తీసేయగా మిగిలింది ఏదైనా ఉంటే అదే మీ లీకు.

రేకులషెడ్డు (సికింద్రాబాద్)

బాబూ, నేను వైమానిక దళంలో రేకు పని చేసి రిటైరైనవాణ్ని. కిట్ విమానం ఎప్పుడూ కట్టలేదు కానీ లీకులు వెతకడంలో జుట్టు నెరిసింది. తూకంరాయి అమ్మాయి చెప్పిన లెక్క బంగారం.

రెండు మాటలు. ఒకటి, గాలి ఎక్కువ నింపవద్దు. చదరపు అంగుళానికి ఒక పౌండు అంటే వినడానికి చిన్నదే. కానీ వెయ్యి చదరపు అంగుళాల రేకు మీద అది వెయ్యి పౌండ్లు. కంప్రెసరు నేరుగా తగిలించి ట్యాంకును ఉబ్బించేసినవాళ్లను చూశాను. నోటితోనో, సైకిలు పంపుతోనో నింపు. నీటి గొట్టంలో 50 సెంటీమీటర్లు చాలు, అది ముప్పాతిక పౌండు కూడా ఉండదు. నీటి గొట్టంతో ఇంకో లాభం ఉంది: పొరపాటున ఎక్కువ ఊదితే నీళ్లు పైనుంచి చిమ్మిపోతాయి తప్ప ట్యాంకు పగలదు.

రెండు, సబ్బు నీళ్లు చల్లే సీసాతో వద్దు. అది నురగ చేస్తుంది. నురగలో సన్న బుడగ కనపడదు. గిన్నెలు తోమే సబ్బు ద్రవం కొద్ది నీళ్లతో చిక్కగా కలిపి మెత్తటి బ్రష్షుతో పూయి. పూసి వదిలెయ్యి. పక్కకు వెళ్లి టీ తాగి రా. సన్నటి లీకు బుడగలు ఊదదు. తెల్లటి మచ్చలా నెమ్మదిగా పేరుకుంటుంది.

చిన్నమడుగు (విశాఖపట్నం)

పెద్దలకు నమస్కారం. నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. తెలియక అడుగుతున్నాను, నవ్వవద్దు. లీకు ఉన్నచోట బయటినుంచి ఎం-సీల్ లాంటిది పెడితే సరిపోదా? మా ఇంటి నీళ్ల ట్యాంకుకు అదే పెట్టాం, ఇప్పటికీ నిలిచింది.

ఎగువగాలి

నవ్వడానికి ఏమీ లేదు, ఈ ప్రశ్న అందరికీ వస్తుంది. అది ఎపాక్సీ ముద్ద. ఆరాక రాయిలా బిగుస్తుంది. మీ నీళ్ల ట్యాంకు మేడ మీద కదలకుండా కూర్చుంటుంది. రెక్క అలా కాదు, గాలి కుదుపుకు వంగుతుంది, ఎండకు సాగుతుంది, పైన చలికి ముడుచుకుంటుంది. రేకు కదిలినప్పుడు గట్టి ముద్ద దానితో కదలలేక అంచున చిట్లుతుంది. అందుకే ట్యాంకుల్లో పాలీసల్ఫైడ్ సీలెంట్ వాడతారు. ఆరినా రబ్బరులా మెత్తగానే ఉంటుంది, పెట్రోలుకు కరగదు. పెద్ద విమానాల రెక్కల్లోనూ ఈ జాతి సీలెంటే.

ఇక బయటినుంచి అనే మాట. లోపల ఇంధనం బయటకు నెడుతూ ఉంటుంది. లోపలినుంచి వేసిన సీలెంట్‌ను ఆ ఒత్తిడి గోడకు అదుముతుంది. బయటినుంచి వేసినదాన్ని అదే ఒత్తిడి ఊడదీస్తుంది.

నేలమీదివాడు (ఎడిసన్, న్యూజెర్సీ)

అడ్డు వస్తున్నందుకు క్షమించాలి. వారాంతాలన్నీ గ్యారేజీలో సీలెంట్ కంపు పీలుస్తూ గడిపే బదులు ఫ్యాక్టరీలో చేసిన పాత సెస్నా విమానం ఒకటి కొనుక్కుంటే హాయిగా ఎగరవచ్చు కదా? స్వయంగా చేసిన పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని ఎగరడానికి ఇంట్లోవాళ్లు ఎలా ఒప్పుకున్నారో!

గగనకుసుమం

మా ఇంట్లో ఒప్పుకోవడమే కాదు, రివెట్‌కు అవతలివైపు ఇనుప దిమ్మ పట్టేది మా ఆవిడే. తను పట్టిన రివెట్లే నావాటికన్నా శుభ్రంగా వచ్చాయి. సెస్నా మంచి విమానమే. నాకు ఎగరడం ఎంత ఇష్టమో కట్టడం అంతకంటే ఇష్టం.

ఎగువగాలి

దానికి తోడు ఒక లాభముంది. అమెరికాలో పనిలో సగానికి మించి, చదువు కోసమో సరదా కోసమో, సొంతంగా చేసినట్లు చూపితే ఆ విమానం ఔత్సాహిక నిర్మాణంగా నమోదవుతుంది. కట్టినవారు అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గర రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అప్పుడు ఏటా జరగాల్సిన తనిఖీ మన చేత్తో చేసి మనమే సంతకం పెట్టవచ్చు. కొన్న సెస్నాకు ఆ వెసులుబాటు లేదు. ఫొటోలు, పనుల డైరీ మాత్రం మానవద్దు. తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేది అవే.

నిర్వాహకుడు

కొనాలా, కట్టాలా అన్న చర్చకు వేరే శాఖ ఉంది. ఇక్కడ ట్యాంకు సంగతే మాట్లాడుకుందాం.

గగనకుసుమం

మానోమీటరు కట్టాను. ఫలితాలు ఇవి.

మొదటి రోజు 50 సెంటీమీటర్ల నుంచి చూస్తుండగానే పడిపోయింది. మూత దగ్గర సబ్బు పూస్తే చుట్టూ పూసలదండ! ఎగువగాలి గారి మాట నిజం. మూత తీసి, ఆ రంధ్రానికి రబ్బరు షీటు, పైన చెక్క ముక్క పెట్టి బిగించాను. ట్యూబు వాల్వు పిన్ను కూడా మార్చాను.

రెండో రోజు థర్మామీటరు కదలని మధ్యాహ్నం వేళ చూసుకుని మళ్లీ పెట్టాను. గంటలో 50 నుంచి 44కు వచ్చింది. తర్వాతి గంటలోనూ దాదాపు అదే తీరు. వేడి మారలేదు, వాతావరణ కేంద్రం లెక్కలో పీడనం మారలేదు. కాబట్టి లీకు ఉంది. రేకులషెడ్డు బాబాయి గారు చెప్పినట్లు చిక్కటి సబ్బు పూసి టీ తాగి వచ్చాను. రెక్క కొన వైపు చివరి రిబ్బు, వెనక గోడ, కింది రేకు, ఈ మూడూ కలిసే మూలలో బియ్యపు గింజంత తెల్లటి మచ్చ కనపడింది. తుడిచి మళ్లీ పూశాను. అక్కడే మళ్లీ వచ్చింది.

బాడీ వైపు మూల అయ్యుంటే సెండర్ తలుపులోంచి చెయ్యి పెట్టేవాణ్ని. ఇది అవతలి చివర. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

తూకంరాయి

గంటకు ఆరు సెంటీమీటర్లంటే 80 లీటర్లలో అర లీటరు కన్నా కొంచెం తక్కువ గాలి. పెట్రోలు స్నిగ్ధత గాలి కన్నా పాతిక రెట్లకు పైనే కాబట్టి అదే సందులోంచి చాలా నెమ్మదిగా వస్తుంది. పైగా ట్యాంకు లోతు జానెడే, అక్కడ ఒత్తిడీ తక్కువ. మోటు లెక్క వేస్తే గంటకు ఐదు మిల్లీలీటర్లు. రోజుకు నూరు మిల్లీలీటర్ల పైచిలుకు. చుక్కే కదా అని వదిలేసే లీకు కాదు ఇది.

పాలపుంత (మెల్‌బోర్న్)

ఇంత బాధ ఎందుకు? ట్యాంకులో స్లాష్ ద్రావణం పోసి, నాలుగు వైపులా తిప్పి, మిగిలింది వంచేస్తే లోపలంతా పొరలా అంటుకుంటుంది. పాత విమానాలకు అలాగే చేసేవారు. నాకు తెలిసిన ఒకాయన విమానం ఇప్పటికీ ఎగురుతోంది.

ఎగువగాలి

స్లాష్ వద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఆ పూత కొన్నేళ్లకు పొరలుగా ఊడుతుంది. ఊడిన పొర నేరుగా వెళ్లేది ఇంధనం తీసుకునే గొట్టం జాలి దగ్గరకే. బయటికి చుక్క కారితే నీలి మరక కనపడుతుంది, నేల మీదే తెలుస్తుంది. జాలి మూసుకుంటే ఇంజను ఆగుతుంది, అది గాలిలో తెలుస్తుంది. స్లాష్ పూసిన ట్యాంకుల గురించి ఈ కిట్ తయారుచేసే వ్యాన్స్ సంస్థే సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. ఒకరి విమానం ఇంకా ఎగురుతోందంటే వారి పూత ఇంకా ఊడలేదని మాత్రమే అర్థం.

పాలపుంత

జాలి సంగతి నేను ఆలోచించలేదు. సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరి వెనక గోడ విప్పడమేనా?

రేకులషెడ్డు

విప్పడం ఆఖరి మాట. ఎందుకో చెబుతాను. రివెట్ తీయడం ఒక విద్య. తల మధ్యలో గుంట కొట్టి, తల లోతు వరకే డ్రిల్లు దించి, తల ఊడగొట్టి, వెనక దిమ్మ పట్టి తోకను మెల్లగా నెట్టాలి. అంత జాగ్రత్తగా చేసినా పది తీస్తే ఒకటి రెండు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి పోతాయి. అప్పుడు తర్వాతి సైజు రివెట్ వేయాలి. లావు రివెట్‌కు అంచు నుంచి దూరం కూడా ఎక్కువ కావాలి. రంధ్రం మధ్యనుంచి రేకు అంచుకు కనీసం రివెట్ వ్యాసానికి రెండింతలు. సన్నటి అంచుల్లో ఆ చోటు ఉండదు. ఒక మూల లీకు కోసం ట్యాంకు పొడవునా ఉన్న వందల రివెట్లను కదిపితే, బాగున్న సీలెంట్ అంతా చింపుకున్నట్లే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

రివెట్ సంగతి వచ్చింది కాబట్టి చిన్నమడుగు బాబు కోసం ఇంకో మాట. మూడు ముప్ఫై రెండో వంతు అంగుళం చదును తల రివెట్ రంధ్రం పెద్దదైపోతే, ఎనిమిదో వంతు అంగుళం కాడకు చిన్న తల ఉండే ఎన్‌ఏఎస్ 1097 రివెట్లు దొరుకుతాయి. కాడ లావు, తల మాత్రం పాత గుంటలోనే కూర్చుంటుంది. కట్టేవాళ్లందరి డబ్బాలోనూ గుప్పెడు ఉండాల్సిన సరుకు.

ఎగువగాలి

గగనకుసుమం గారూ, గోడను విప్పడమో కోయడమో చేసే ముందు ఒక ప్రయత్నం ఉంది: పీల్చి లాగడం. ట్యాంకు లోపల కొద్దిగా శూన్యం కల్పించి, బయట బుడగ వచ్చిన చోట పల్చటి సీలింగ్ ద్రవం వేస్తే గాలి బయటకు వచ్చిన దారినే అది లోపలికి పోతుంది. వెంట్రుకవాసి సందుకు లాక్‌టైట్ 290, అంటే ఆ ఆకుపచ్చది, బాగా పని చేస్తుంది. ఒంటరి రివెట్ చెమ్మగిల్లుతుంటే దానికి ఇంతకంటే మంచి మందు లేదు. మూల లీకులకు మాత్రం సగం సగం.

జాగ్రత్త! వ్యాక్యూమ్ క్లీనరు నేరుగా తగిలించవద్దు. గ్యారేజీలో వాడేవి 60 అంగుళాల నీటి మట్టానికి పైగా లాగగలవు, అది రెండు పౌండ్లు దాటుతుంది. ట్యాంకు లోపలికి నలిగిపోతుంది. గొట్టానికి పెద్ద కన్నం ఒకటి వదిలి, మానోమీటరు చూస్తూ కొద్ది అంగుళాల దగ్గర ఆపండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. శుభ్రం చేయడానికి ఎంఈకే గానీ అసిటోన్ గానీ వాడతారు కదా, మీ గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటరు ఉందా? చాలా ఇళ్లలో దాని చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆర్పండి, తలుపు ఎత్తండి, ఆ తర్వాతే డబ్బా మూత తీయండి.

గగనకుసుమం

హీటరు ఉంది. ఆర్పేశాను. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన నాకు రాలేదు, ధన్యవాదాలు.

పీల్చే పద్ధతి చేసి చూశాను. ఆకుపచ్చ ద్రవం లోపలికి పోవడం కళ్లతో చూశాను. చెప్పినంత సేపు ఆరనిచ్చి మళ్లీ పరీక్ష పెడితే గంటకు ఆరు సెంటీమీటర్లు పోయేది రెండుకు వచ్చింది. మెరుగే కానీ ఆగలేదు. సందు వెంట్రుకవాసి కాదన్నమాట.

తూకంరాయి

ఒక సంగతి గుర్తుంచుకోండి. బుడగ వచ్చిన చోటు గాలి బయటపడే చోటు మాత్రమే. లోపల ప్రవేశించే చోటు అక్కడే ఉండాలని లేదు. సీలెంట్ కింద, రేకు మడత వెంబడి రెండు మూడు అంగుళాలు పాకి వచ్చి ఉండవచ్చు. లోపల చూసినప్పుడు మూలను మాత్రమే కాక అటూ ఇటూ చెయ్యి చాపినంత మేర మళ్లీ సీలు చేయండి.

ఎగువగాలి

అయితే కిటికీ కోయాల్సిందే. వెనక గోడకు, చివరి రెండు రిబ్బుల మధ్య గదిలో, చెయ్యి పట్టేంత గుండ్రటి రంధ్రం. భయపడకండి, చాలామంది చేసినదే. దానికని మూత పలకలు కూడా అమ్ముతారు. ముందు కిట్ సంస్థ సాంకేతిక విభాగానికి ఫొటోతో రాసి, కోయబోయే చోటు చూపించి అవును అనిపించుకోండి. ట్యాంకును రెక్కకు వెన్నెముక లాంటి ప్రధాన స్పార్‌కు పట్టి ఉంచే జడ్ ఆకారపు బ్రాకెట్లు వెనక గోడకే రివెట్ చేసి ఉంటాయి. కోత వాటి మధ్య ఖాళీలో పడాలి, వాటి దరిదాపుల్లోకి రాకూడదు.

ట్యాంకును వెనక గోడ కిందికి వచ్చేలా తలకిందులుగా పట్టించి కోయండి. పొట్టు కింద రాలుతుంది, లోపలికి పోదు. కట్టరుకు గ్రీజు పూస్తే మిగిలింది దానికే అంటుకుంటుంది. మూత పలక రంధ్రం కంటే చుట్టూ కనీసం అర అంగుళం పెద్దదిగా ఉండాలి. ఎనిమిదో వంతు అంగుళం రివెట్‌కు అటు పావు అంగుళం, ఇటు పావు అంగుళం, అదీ లెక్క. వేసేవి ఒకవైపు నుంచే బిగించే, మూసిన కొన ఉన్న బ్లైండ్ రివెట్లు కావాలి. మామూలు పాప్ రివెట్ మధ్యలో సూది ఊడిన కన్నం ఉంటుంది, అది మళ్లీ కొత్త లీకు.

గగనకుసుమం

సంస్థ నుంచి జవాబు వచ్చింది. కోత స్థానాన్ని ఒక అంగుళం జరపమని చెప్పి సరే అన్నారు. ఈఏఏ చాప్టరు సాంకేతిక సలహాదారు కూడా వచ్చి చూసి వెళ్లారు. ఆ సేవకు వాళ్లు డబ్బు తీసుకోరని తెలియనివారికి చెబుతున్నాను. ఇంకా కట్టడం మొదలుపెట్టనివాళ్లు ముందు మీ ఊరి చాప్టరులో చేరండి.

శనివారం కోశాను. అద్దం, చిన్న దీపం లోపల పెట్టి చూస్తే దొంగ దొరికాడు. మూడు రేకులు కలిసే మూలలో మడతల గుండ్రం వల్ల సహజంగానే పెసరగింజంత సందు మిగులుతుంది. సీలెంట్ దాని మీదుగా వంతెనలా పరుచుకుంది కానీ లోపలికి దిగలేదు. కింద గాలి బుడగ అలాగే నిలిచిపోయింది. పైకి నున్నగా, అందంగా ఉంది. వేలితో నొక్కితే లోపలికి దిగింది. తూకంరాయి గారు అనుమానించినట్లే ప్రవేశం అక్కడ కాదు, దానికి రెండంగుళాల అవతల, రిబ్బు అంచున సీలెంట్ పల్చబడిన చోట ఉంది.

రేకులషెడ్డు

అందంగా కనపడే సీలెంట్‌ను నమ్మకు నాయనా. మూలల్లో పూయకూడదు, కూరాలి. ఐస్‌క్రీం పుల్ల కొన గుండ్రంగా అరగదీసి, కొంచెం కొంచెంగా లోపలికి పొడుస్తూ గాలిని తరిమెయ్యి. పాత సీలెంట్ వదులుగా ఉన్నంత మేరా పీకి, మిగిలినదాన్ని గరుకు పీచుతో రుద్ది, ద్రావకంతో తుడువు. ద్రావకం దానంతట అది ఆరేదాకా చూడకు, తడిగా ఉండగానే పొడి గుడ్డతో తుడిచెయ్యి. ఆరనిస్తే కరిగిన మురికి తిరిగి అక్కడే కూర్చుంటుంది.

చిన్నమడుగు

ఈ సీలెంట్ అంత అంటుకుంటుందా? వీడియోల్లో అందరూ చేతి తొడుగులు మార్చుకుంటూనే ఉంటారు.

గగనకుసుమం

చేతికి నూనె రాసుకోకుండా పనసకాయ కోశావా ఎప్పుడైనా? ఇది దానికి పెద్దన్న. ముందే పదిహేను జతల తొడుగులు ఒకదాని మీద ఒకటిగా కాకపోయినా పక్కన వరసగా పెట్టుకోవాలి. ఫోను మోగితే ఎత్తకూడదు. గ్యారేజీ తలుపు గొళ్లేనికి అంటింది ఈ ఇల్లు అమ్మేవరకు అక్కడే ఉంటుంది.

తూకంరాయి

కలిపే దగ్గర ఒక హెచ్చరిక. తెల్లటి ముద్ద పది పాళ్లు, నల్లటి గట్టిపరిచే పదార్థం ఒక పాలు, తూకంతో, చెంచాలతో కాదు. మూల కోసం కలిపేది కొంచెమే కదా, 30 గ్రాములకు 3 గ్రాములు. వంటింటి తూకం ఒక గ్రాము లెక్కన చూపిస్తుంది. అది 3 అన్నప్పుడు నిజంగా రెండున్నర నుంచి మూడున్నర మధ్యలో ఏదైనా కావచ్చు. అంటే దాదాపు పదిహేడు శాతం అటూ ఇటూ. నగల తూకం లాంటిది, గ్రాములో పదో వంతు చూపించేది కొనండి. రంగులో చార ఒక్కటి కూడా మిగలకుండా బూడిదరంగు అంతటా ఒకటయ్యేదాకా కలపాలి. మీరు వాడేది బి-2 రకమైతే 25 డిగ్రీల దగ్గర రెండు గంటల పని సమయం. వేడి, తేమ పెరిగితే అది తరిగిపోతుంది. టెక్సస్ ఎండాకాలంలో రెండు గంటలని నమ్ముకోకండి.

చిన్నమడుగు

ఇంకో ప్రశ్న, నిర్వాహకులు క్షమిస్తే. మన దేశంలో ఇలా ఇంట్లో కట్టి ఎగరవచ్చా?

రేకులషెడ్డు

కట్టడం కష్టం కాదు, కాగితం కష్టం. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ తమ ఇంటి మేడ మీద విమానం కట్టాడు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు. అది మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర నమోదు కావడానికి 2017 చివరిదాకా ఆగాల్సి వచ్చింది. అది కిట్ కూడా కాదు, సొంత రూపకల్పన. కేరళ నుంచి వెళ్లి లండన్ దగ్గర స్థిరపడిన ఒక ఇంజినీరు కుటుంబం లాక్‌డౌన్ కాలంలో నాలుగు సీట్ల స్లింగ్ టీఎస్ఐ కిట్ కట్టుకుని ఎగిరింది, పత్రికల్లో చదివే ఉంటావు. నువ్వు ముందు రేకు కోయడం, రివెట్ వేయడం నేర్చుకో. రెండు పలకలు అతికించి మళ్లీ విప్పు. సికింద్రాబాద్ వస్తే నేను నేర్పుతాను.

నిర్వాహకుడు

డీజీసీఏ అనుమతుల మీద విడిగా చర్చ తెరిచాను. మిగతా ప్రశ్నలు అక్కడ అడగండి.

గగనకుసుమం

తాజా సమాచారం. మూల మొత్తం కూరి, రిబ్బు అంచు పొడవునా మళ్లీ సీలెంట్ వేసి, మూత పలక బిగించి, పూర్తిగా ఆరనిచ్చాను. నిన్న రాత్రి మానోమీటరు 50 దగ్గర పెట్టాను. పొద్దున 46 చూసి గుండె జారింది. థర్మామీటరు చూస్తే ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ తగ్గింది. మధ్యాహ్నం గ్యారేజీ రాత్రి వేడికి తిరిగి రాగానే నీళ్లు 50కి వచ్చి నిలబడ్డాయి. మూత పలక చుట్టూ చిక్కటి సబ్బు పూసి చూశాను. మచ్చ లేదు.

తూకంరాయి

డిగ్రీకి మూడున్నర. సరిగ్గా సరిపోయింది. మీ ట్యాంకు ఇప్పుడు మంచి థర్మామీటరు.

ఎగువగాలి

అభినందనలు. విమానం పూర్తయి మొదటిసారి విమాన పెట్రోలు 100ఎల్‌ఎల్ పోశాక కూడా కొన్ని వారాలు రెక్క కింద వేలు పెట్టి చూస్తూ ఉండండి. ఆ పెట్రోలుకు నీలి రంగు కలుపుతారు. చెమ్మ ఆరిపోయినా రివెట్ చుట్టూ నీలి మరక మిగులుతుంది.

కుడి ట్యాంకు మూసేటప్పుడు రెండు పనులు చేయండి. వెనక గోడ పెట్టే ముందే నాలుగు మూలల్లోనూ సీలెంట్ ముద్ద కూరి ఉంచండి. రేకు మీద సీలెంట్ గీత రివెట్ వరసకు కాస్త ముందువైపు వేయండి. గోడను లోపలికి తోసినప్పుడు అది సీలెంట్‌ను ముందుకు నెట్టుకుంటూ పోయి తనంతట తనే అంచు కడుతుంది. 

గగనకుసుమం

అలాగే చేస్తాను. చివరిగా ఒకటి. కుడి ట్యాంకు సెండర్ ప్లేటు కింద కిట్‌తో వచ్చిన కార్క్ గ్యాస్కెట్ వాడాలా, మానాలా? సూచనల పుస్తకంలో బొమ్మ ఉంది, కానీ ఎవరిని అడిగినా నవ్వుతున్నారు.

ఎగువగాలి

నేను వాడలేదు. కార్క్ పెట్రోలులో నానుతుంది, ఎండుతుంది, స్క్రూలు వదులవుతాయి. సీలెంట్ ఒక్కటే పల్చగా వేసి బిగించండి. స్క్రూలు దిగే నట్‌ప్లేట్లు ట్యాంకు లోపలివైపు తెరిచే ఉంటాయి కాబట్టి పెట్రోలు మరల వెంబడి బయటకు పాకుతుంది. ప్రతి స్క్రూ తల కిందా, మరలకూ కొంచెం సీలెంట్ పూయండి. తర్వాత ఎప్పుడైనా విప్పాల్సి వస్తే తిట్టుకుంటారు, కానీ విప్పగలరు.

రేకులషెడ్డు

స్క్రూలు కొత్తవి వెయ్యి. తల అరిగిన స్క్రూ సీలెంట్‌లో ఆరితే దాన్ని తీయడానికి ఇంకో చర్చ మొదలుపెట్టాల్సి వస్తుంది.